వెనక దారం

మా అమ్మమ్మ నర్సాపురం దగ్గర సీతారాంపురంలో లేసు అల్లేది. మధ్యాహ్నం గిన్నెలు తోమి బోర్లించాక అరుగు మీద స్తంభానికి చేరగిలబడి, ఎడమచేతి చూపుడువేలికి దారం చుట్టుకుని, కుడిచేత్తో సూది ఆడించేది. చూపు వీధి మీద ఉండేది. మాట పక్కింటావిడతో సాగేది. వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయేవి. కొత్త డిజైను కావలసివస్తే ఎవరినీ అడిగేది కాదు. పాత ముక్క ఒకటి సంపాదించి, అంచు నుంచి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోయేది. "విప్పడం తెలిస్తే అల్లడం తెలిసినట్టేనే" అనేది నాతో.

ఆ మాట నాకు నలభై ఏళ్ళ తరవాత న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో అక్కరకొచ్చింది. ఎలాగో చెప్పాలంటే ముందు నా చెయ్యి సంగతి చెప్పాలి.

2018 మార్చిలో మంచువాన పడుతున్న ఒక పొద్దున్న, డ్యూటీకి వెళ్తూ రూట్ 17 మీద నా కారు జారి పక్క కమ్మీకి కొట్టుకుంది. కుడి జబ్బ ఎముక నడిమికి విరిగింది. ప్లేటు వేసి మరలు బిగించారు. ఎముక అతుక్కుంటుందన్నారు, అతుక్కుంది. కానీ ఆ ఎముకను చుట్టుకుని కిందికి దిగే రేడియల్ నరం నలిగిపోయింది. మణికట్టునూ వేళ్ళనూ పైకి లేపేది ఆ నరమే. అది మూగబోతే చెయ్యి చాచినప్పుడు అరచెయ్యి తడిగుడ్డలా కిందికి వాలిపోతుంది. వేళ్ళు ముడుచుకోగలను, చాచలేను. అన్నం కలుపుకోలేను. జడ వేసుకోలేను. దేవుడి ముందు నిలబడి రెండు అరచేతులూ సరిగ్గా జోడించలేను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళుగా నా జీతం ఆ వేళ్ళ మీదే నడిచింది.

నరం తెగలేదు, నలిగింది కాబట్టి మళ్ళీ పెరుగుతుందని డాక్టరు చెప్పారు. రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. నెలకి మూడు సెంటీమీటర్లు. విరిగిన చోటు నుంచి, ముంజేతిలో బొటనవేలిని లేపే కండరం దాకా టేపు పెట్టి కొలుచుకున్నాను. పాతిక సెంటీమీటర్లు. ఎనిమిదో తొమ్మిదో నెలలు. మణికట్టు ముందు లేస్తుంది, వేళ్ళు ఆ తరవాత, బొటనవేలు అన్నిటికన్నా ఆఖర్న. అంతదాకా మణికట్టు వాలిపోకుండా గట్టి పట్టీ ఒకటి కట్టి పంపించారు. చెయ్యడానికి ఇంకేం లేదు, ఆగడమే. నాకు చేతకానిది కూడా అదే.

మా వీధి చివరింట్లో ఒక పెద్దాయన ఉంటారు. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవారు. వారానికి రెండు రోజులు కారు మీద పొడుగాటి గొట్టం కట్టుకుని పడమటికి, కొండల్లోకి, వెళ్ళిపోతుంటారు. మే నెలాఖర్న నా చేతి పట్టీని చూసి ఆగి, ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తే. మణికట్టు వంగకుండా ఉండాలని తాము కొత్తవాళ్ళకి కావాలని ఇలాంటి పట్టీయే కడతామన్నారు. ఏం నేర్పడానికి అని అడిగాను. ఫ్లై ఫిషింగ్ అన్నారు.

*

మా నాన్న కాలవగట్టున గేలం వేసేవారు. వెదురు కర్ర, నైలాను దారం, జీలుగుబెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. విసిరితే ఎర బరువుకి దారం వెంట వెళ్ళేది. ఫ్లై ఫిషింగులో లెక్క తిరగబడుతుంది. ఫ్లై అంటే కొక్కేనికి కట్టిన ఈకల పురుగు. దానికి బరువనేదే ఉండదు, ఊదితే ఎగిరిపోతుంది. బరువంతా దారానిది. కర్రతో దారాన్ని గాలిలో వెనక్కి విసిరి, అది వీపు వెనక బారుగా చాచుకున్నాక ముందుకి తోస్తే, దారం ఒక మడతలా విప్పుకుంటూ పోయి చివరనున్న పురుగుని నీళ్ళ మీద వాల్చుతుంది. నిజమైన పురుగు ఎంత మెల్లగా వాలుతుందో అంత మెల్లగా వాలాలి.

కిటుకంతా వెనక ఉంది. దారం పూర్తిగా చాచుకోకముందే ముందుకి లాగితే కొరడాలా చిటిల్లుమని, కొనకున్న పురుగు తెగిపోతుంది. ఎక్కువసేపు ఆగితే దారం గడ్డిలో పడిపోతుంది. ఆ మధ్యనున్న క్షణమే ఈ విద్యకి ప్రాణం. మణికట్టు మడిస్తే ఆ క్షణం చెడిపోతుంది, అందుకే పట్టీ. కర్ర పిడిని నా పట్టీకి వెల్‌క్రోతో బిగించి, కొక్కేనికి బదులు ఎర్రటి ఉన్ని పోగు కట్టి, జూన్‌లో తమ ఇంటి వెనక గడ్డిలో నన్ను నిలబెట్టారు ఆయన. వెనక్కి విసిరాక తల తిప్పి చూడమనేవారు. దారం సాగడం కళ్ళతో చూసి, ఆ తరవాతే ముందుకి. రోజుకి పదిహేను నిమిషాలు. మొదటి వారం భుజం సలిపింది. రెండో వారానికి, వెనక దారం చాచుకున్నప్పుడు కర్రలోంచి అరచేతికి అందే చిన్న లాగుడు తెలిసింది. మొద్దుబారిన ఆ చేతికి మూడు నెలల తరవాత బయటి నుంచి అందిన కబురు అది.

ఆగడం ఒక పని అని నాకు ఆ గడ్డిలోనే తెలిసింది. ఏమీ చేయకుండా కూర్చోవడానికీ, దారం సాగేదాకా ఆగడానికీ తేడా ఉంది. రెండోదాంట్లో ఒళ్ళంతా మెలకువగా ఉంటుంది.

*

ఎడమచేత్తో చేయగలిగింది పేజీలు తిప్పడమే కనక ఆ వేసవంతా చదివాను. ఈ విద్యతో ఒళ్ళు బాగుచేసుకోవచ్చని మొదట ఎవరికి తోచిందో తెలుసుకోవాలనిపించింది. వెనక్కి వెళ్ళేకొద్దీ ఆ ఆలోచన ఇంకా వెనకే కనిపించింది.

ఫ్లైతో చేపలు పట్టడం గురించి దొరికే తొలి వర్ణనల్లో ముఖ్యమైనది సుమారు 1,800 ఏళ్ళ నాటిది. ఏలియన్ అనే రోమన్ రచయిత జంతువుల మీద రాసిన పుస్తకంలో మాసిడోనియాలోని ఆస్ట్రేయస్ నది ముచ్చట ఉంది. అక్కడి జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి రెండు ఈకలు బిగించి, నీళ్ళ మీద వాలే ఒక పురుగులా కనిపించేట్టు చేసేవారట. ఆరడుగుల కర్ర, ఆరడుగుల దారం. నిజం పురుగుని పట్టి గుచ్చుదామంటే మనిషి చెయ్యి తగలగానే దాని రంగూ రెక్కలూ చెడిపోతాయి కనక ఈ ఉపాయమని ఏలియన్ వివరిస్తాడు. పెద్దాయన నా దారానికి కట్టింది కూడా ఎర్ర ఉన్నే. ఆయనకి ఏలియన్ సంగతి తెలియదు. గడ్డిలో ఎరుపు బాగా కనబడుతుందని కట్టారంతే.

ఇంగ్లీషులో గేలం వేయడం మీద అచ్చయిన మొదటి పుస్తకం 1496 నాటిది. వెస్ట్‌మినిస్టర్‌లో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు వేశాడు. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని పరంపరగా చెప్పుకుంటారు. అందులో 12 రకాల ఫ్లైలు ఏ నెలలో ఏవి కట్టాలో వివరంగా ఉంది. కానీ నన్ను ఆపేసింది దాని మొదలు. పుస్తకం చేపలతో మొదలవదు, ఆయుష్షుతో మొదలవుతుంది. ప్రసన్నమైన మనసు మనిషికి నిండు వార్ధక్యాన్నిస్తుందన్న సొలొమోను సామెతను తీసుకుని, ఆ ప్రసన్నత ఎలా దొరుకుతుందని ప్రశ్న వేసుకుంటుంది. వేట, డేగవేట, పక్షులు పట్టడం, చేపలు పట్టడం అనే నాలుగు వినోదాలనూ తూచి చూసి, గేలానికే ఓటు వేస్తుంది. ఒక్క చేప పడకపోయినా ఏటి గట్టున నడక దక్కుతుంది, పచ్చిక మీది పూల వాసన దక్కుతుంది, పక్షుల పాట దక్కుతుందని దాని వాదన. 500 ఏళ్ళ కిందటి ఆ పుస్తకం తనను తాను వైద్యగ్రంథం అనుకునే మొదలైంది.

అందులోనే ఇంకో సంగతి. ఆ రోజుల్లో కొక్కేలు బజారులో కొనేవారు కాదు, సూదులను నిప్పులో కాల్చి మెత్తబరిచి, వంచి, మళ్ళీ పదును పెట్టుకునేవారు. ఏ చేపకి ఎంత సూదో పుస్తకం చెబుతుంది. కుట్టుపని చేసేవారి సూది, దర్జీ సూది, చెప్పులు కుట్టే సూది. ఆ పేజీ దగ్గర మా అమ్మమ్మ గుర్తొచ్చింది. లేసు సూది కొన కూడా కొక్కెమే కదా. 1840ల్లో మిషనరీ దంపతులు గోదావరి డెల్టా ఆడవాళ్ళ చేతికి ఆ సూదినీ దారాన్నీ ఇచ్చారు. కొక్కెం చివర దారాన్ని నమ్ముకుని బతికిన ఆడవాళ్ళ కథ ఇటు నర్సాపురంలోనూ ఉంది, అటు క్యాట్‌స్కిల్‌లోనూ ఉంది.

*

క్యాట్‌స్కిల్ కొండలు న్యూయార్క్ నగరానికి వాయవ్యంగా ఉంటాయి. బీవర్‌కిల్, విల్లోవీమాక్, నెవర్‌సింక్, ఈసోపస్, షోహరీ ఇక్కడి ఏళ్ళ పేర్లు. 'కిల్' అంటే ఇక్కడ మొదట స్థిరపడిన డచ్చివాళ్ళ భాషలో ఏరు. అమెరికాలో ఫ్లై ఫిషింగ్ తన సొంత రూపం దిద్దుకున్నది ఈ నీళ్ళలో. కానీ ఆ రూపం రావడానికి ముందు ఈ ఏళ్ళు చావుదాకా వెళ్ళొచ్చాయి.

మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్ళు పదును చేస్తారు. ఇక్కడ హెమ్లాక్ అనే చెట్టు బెరడు వాడేవారు. 1820ల్లో జడాక్ ప్రాట్ షోహరీ ఏటి మీద పెద్ద కార్ఖానా పెట్టాడు. ఆయన పేరు మీద ప్రాట్స్‌విల్ అనే ఊరే వెలిసింది. తోళ్ళు దక్షిణ అమెరికా నుంచి కూడా ఓడల్లో వచ్చేవి. తోలుని అడవికి మోయడం, అడవిని తోలు దగ్గరికి మోయడంకన్నా చవక. చెట్టు కొట్టి, బెరడు ఒలుచుకుని, మాను అక్కడే కుళ్ళడానికి వదిలేసేవారు. కార్ఖానాల కసటునీరు, వెంట్రుకలు, కొవ్వు ఏట్లో కలిసేవి. నీడపోయిన నీళ్ళు వేడెక్కాయి. చల్లటి, తేట నీళ్ళు లేకపోతే బతకలేని బ్రూక్ ట్రౌట్, ఈ కొండల సొంత చేప, తగ్గిపోతూ కొండల పైకి, ఊటల దగ్గరికి ఒదిగిపోయింది. 1880లు వచ్చేసరికి హెమ్లాకులు అయిపోయాయి. బెరడు లేక కార్ఖానాలు మూతపడ్డాయి.

ఆ తరవాత ఏటికి జరిగింది నాకు చాలా ముఖ్యం. 1885లో న్యూయార్క్ రాష్ట్రం క్యాట్‌స్కిల్, ఆడిరాండాక్ అడవుల్లోని తన భూములను రక్షిత అరణ్యంగా ప్రకటించింది. 1894లో వాటిని శాశ్వతంగా అడవిగానే ఉంచాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. అడవి మళ్ళీ లేచింది. కానీ లేచింది పాత హెమ్లాకు అడవి కాదు. ఎక్కువగా వేరే చెట్లు వచ్చాయి. నీళ్ళు తేరుకున్నాయి, ఇదివరకటంత చల్లబడలేదు. ఆ నీటికి సరిపడే చేప వేరే దేశం నుంచి వచ్చింది. 1883లో జర్మనీ నుంచి బేరన్ ఫాన్ బెహర్ పంపిన బ్రౌన్ ట్రౌట్ గుడ్లను లాంగ్ ఐలండ్‌లోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఫ్రెడ్ మేథర్ పొదిగించాడు. కొన్నేళ్ళలో ఆ చేపలు క్యాట్‌స్కిల్ ఏళ్ళకు చేరాయి. మొదట్లో వాటిని పరాయి చేపలని తిట్టినవాళ్ళున్నారు. అవి కొంచెం వెచ్చని నీళ్ళకీ తట్టుకుని నిలిచాయి, పెరిగాయి, ఈ ఏళ్ళకి ప్రాణం పోశాయి.

కోలుకోవడమంటే పాత చెయ్యి తిరిగి రావడమని నేను అనుకుంటున్న రోజుల్లో ఈ కథ చదివాను. ఏరు కోలుకుంది, కానీ కోలుకున్నది పాత ఏరు కాదు. ఇరవై రెండేళ్ళ వయసులో గోదావరి ఒడ్డు వదిలి ఈ దేశం వచ్చిన నాకు ఆ పరాయి చేప మీద కొంచెం అభిమానం కూడా కలిగింది.

*

బ్రౌన్ ట్రౌట్ అనుమానం మనిషి లాంటిది. బ్రూక్ ట్రౌట్ పడిన రంగురంగుల ఫ్లైలకి ఇది పడదు. నీటి మీద తేలే పురుగులా, ఆ వేళకి ఏటి మీద ఎగిరే పురుగులాగే కనిపించే ఫ్లై కావాలి. ఆ పని చేసినవాడు థియోడర్ గార్డన్.

గార్డన్ 1854లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి ఆరోగ్యం అంతంతమాత్రం. ఊపిరితిత్తుల జబ్బు వెంటాడింది. ఉన్న ఆస్తి కరిగిపోయాక నగరాన్ని వదిలి నెవర్‌సింక్ ఏటి లోయకి చేరాడు. అప్పట్లో క్షయకి మందు లేదు. కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే. ఆ లోయకి దగ్గర్లోనే లిబర్టీ అనే ఊళ్ళో 1896లో లూమిస్ శానటోరియం తెరిచారు. కొండగాలి కోసం రోగులు రైలెక్కి అక్కడికి వచ్చేవారు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం కూడా 1910ల్లో లేచింది. ఊపిరి కోసం కొండెక్కిన మనుషుల కాలం అది.

1890లో గార్డన్ ఇంగ్లండులో తేలే ఫ్లైల విద్యకి గురువులాంటి ఫ్రెడరిక్ హాల్ఫర్డ్‌కి ఉత్తరం రాశాడు. హాల్ఫర్డ్ తన ఫ్లైల సెట్టు ఒకటి జవాబుతో కలిపి పంపాడు. గార్డన్ వాటిని గౌరవించాడు కానీ అలాగే వాడలేదు. ఇంగ్లండు ఏళ్ళు సున్నపురాతి ఊటల నుంచి పుట్టి నింపాదిగా పారతాయి. క్యాట్‌స్కిల్ ఏళ్ళు బండల మీద దూకుతాయి. పురుగులూ వేరే. అందుకని నెవర్‌సింక్ పురుగులను పట్టి, చూసి, వాటికి సరిపోయేవి తనే కట్టాడు. వాటిలో ఆయన పేరుతో నిలిచింది క్విల్ గార్డన్. దాని ఒళ్ళు నెమలికన్ను దగ్గరి పోగుది. పోగు మీది నూగు గీకేస్తే ఒక అంచు లేతగా, ఒక అంచు ముదురుగా సన్నటి కాడ మిగులుతుంది. కొక్కేనికి చుడితే పురుగు పొట్ట మీద గీతల్లా చారలు తేలతాయి.

మొదటిసారి ఆ పోగు చేతిలోకి తీసుకున్నప్పుడు, క్యాట్‌స్కిల్ ఏట్లో వందేళ్ళకి పైగా తేలుతున్న పురుగు ఒంటికి మన నెమలి పోగు చుట్టారని తెలిసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెతికితే మన వైపు దారాలు ఇంకా తగిలాయి. శేషాచలం అడవుల్లో కూసే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనం బొట్టు పెట్టినట్టు మెరిసే చుక్క ఉంటుంది. సాల్మన్ ఫ్లైలకి అది కన్ను. ఆ మోజుతో ఇండియా నుంచి ఈకలు ఓడలకెక్కాయి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. కర్రల సంగతీ అంతే. అమెరికాలో వెదురుని ముక్కోణపు బద్దలుగా చీల్చి అతికించే కర్రలు మొదలైనప్పుడు వాడింది కలకత్తా రేవు నుంచి వచ్చిన వెదురే. దాన్ని కలకత్తా కేన్ అనేవారు. ఆ పనిలో పేరుమోసిన హైరమ్ లెనర్డ్ 1881లో తన కార్ఖానాని మెయిన్ రాష్ట్రం నుంచి సెంట్రల్ వ్యాలీకి తెచ్చాడు. అది నేనుండే జిల్లాలోదే. చైనా వెదురు వచ్చి కలకత్తా వెదురుని పక్కకి నెట్టింది ఆ తరవాత.

గార్డన్ చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చుని ఫ్లైలు కట్టి పోస్టులో అమ్మేవాడు. లండన్, న్యూయార్క్ పత్రికలకి వ్యాసాలు రాసేవాడు. దగ్గూ జ్వరం తిరగబెట్టిన రోజుల్లో ఏటికి వెళ్ళలేకపోయినా బల్ల ముందు కూర్చోగలిగేవాడు. ఆయన రచనల్నీ ఉత్తరాల్నీ జాన్ మెక్‌డొనాల్డ్ 1947లో పుస్తకంగా తెచ్చాడు. అందులోని గార్డన్‌ని ఏటి కోసం ఎదురుచూసే రోగిగా చదివాను నేను. మంచు ఎప్పుడు కరుగుతుంది, మొదటి పురుగు ఎప్పుడు లేస్తుంది, ఒంట్లో ఈసారి ఓపికుంటుందా. 1915 మే 1న, ట్రౌట్ రోజులు మొదలవుతుండగా, అదే లోయలో ఆయన పోయాడు.

గార్డన్ ఏట్లో నిలబడి ఉన్న పాత ఫొటో ఒకటుంది. పక్కన పొడుగు లంగాతో ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు చరిత్రలో నిలవలేదు. ఫ్లై ఫిషింగ్ మగవాళ్ళ, డబ్బున్నవాళ్ళ సరదాగా పేరు పడింది. కానీ దాన్ని నిలబెట్టిన వేళ్ళలో ఎన్నో ఆడవాళ్ళవి. వెర్మాంట్‌లోని మాంచెస్టర్‌లో ఆర్విస్ కంపెనీ ఫ్లైలు కట్టే గదిని 1870ల నుంచి మేరీ ఆర్విస్ మార్బరీ నడిపింది. ఆ గదిలో కట్టేది ఆడవాళ్ళే. ఒకే ఫ్లైకి ఊరికో పేరు, ఒకే పేరుకి ఊరికో ఫ్లై ఉన్న గందరగోళాన్ని సర్దడానికి దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు తెప్పించుకుని 1892లో ఆమె పెద్ద పుస్తకం వేసింది.

ఇక మొదట్లో అన్న, అమ్మమ్మ మాట అక్కరకొచ్చిన సంగతి. బీవర్‌కిల్, విల్లోవీమాక్ కలిసే రాస్కోలో వాల్ట్, విన్నీ డెట్ అనే దంపతులు 1920ల చివర్లో ఫ్లైలు కట్టి బతకాలనుకున్నారు. అప్పటికి ఆ చుట్టుపక్కల పేరున్న పనివాడు రూబెన్ క్రాస్. నేర్పమంటే ఆయన ఒప్పుకోలేదు. వాళ్ళు ఆయన కట్టిన ఫ్లైలు కొని తెచ్చుకుని, ఒక్కొక్క చుట్టూ విప్పుతూ, ఏది ముందు ఏది వెనకో రాసుకుని నేర్చుకున్నారు. ఆ తరవాత దశాబ్దాల పాటు క్యాట్‌స్కిల్ ఫ్లై అంటే ఎలా ఉండాలో ఆ ఇంటి నుంచే లోకం తెలుసుకుంది. అది చదివిన రాత్రి నాకు మా అమ్మమ్మ అరుగు మీది మాట వినిపించింది. సీతారాంపురంలో అయినా రాస్కోలో అయినా, నేర్పేవాడు లేనివాళ్ళ బడి ఒకటే. విప్పడం.

*

ఆగస్టులో ఒక పొద్దున్న పట్టీ విప్పి, చెయ్యి బల్ల అంచు నుంచి వేలాడదీసి, మణికట్టుని లేవమన్నాను. లేచింది. ఒక అంగుళం. మా అమ్మకి ఫోను చేశాను. ఏడ్చింది. తరవాత తేరుకుని, "మరి చేప పడిందా అమ్మడూ?" అంది. పడితే వదిలేయాలమ్మా అన్నాను. బీవర్‌కిల్‌లో కొన్ని చోట్ల 1960ల నుంచీ పట్టిన చేపని పట్టినట్టే నీళ్ళలో వదిలేయాలనే నియమం ఉంది. "పట్టేది వదలడానికా? చోద్యంగా ఉందే" అంది అమ్మ. కాసేపాగి, "పోన్లే, నీ చెయ్యి వచ్చింది, దాని ప్రాణం దానికుంది" అంది.

సెప్టెంబరులో పెద్దాయన నన్ను బీవర్‌కిల్‌కి తీసుకెళ్ళారు. వెళ్ళేది రూట్ 17 మీదే. నేను పడిన చోటు దాటేటప్పుడు కళ్ళు మూసుకున్నాను. 1960ల్లో ఈ రహదారిని ఏటి వెంబడి వేస్తున్నప్పుడు, ఫ్లైలు కట్టి బతికే హారీ డార్బీ లాంటి వాళ్ళు ఏటి తరఫున గట్టిగా నిలబడ్డారని దారిలో ఆయన చెప్పారు. నన్ను విరిచిన రోడ్డు, ఏటికీ గాయం చేసిన రోడ్డు ఒకటేనని అప్పుడు తెలిసింది.

పెద్దాయన చాలా ఏళ్ళుగా గాయపడిన సైనికులకి ఈ విద్య నేర్పుతున్నారు. 2005లో వాషింగ్టన్‌లోని వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో, రిటైరైన నౌకాదళ కెప్టెన్ ఎడ్ నికల్సన్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ హీలింగ్ వాటర్స్ బాటలోనే ఇలాంటివి దేశమంతా పాకాయి. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ నుంచి చేతులు, కాళ్ళు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడి పచ్చికలో దారం విసరడం నేర్చుకున్నారు. అంతకు ముందే, 1996లో, వెర్మాంట్‌లో కాస్టింగ్ ఫర్ రికవరీ మొదలైంది. అది రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలది. శస్త్రచికిత్స తరవాత భుజానికీ ఛాతీకీ డాక్టర్లు చెప్పే వ్యాయామానికీ, దారం విసిరేటప్పటి కదలికకీ పోలిక ఉందని గమనించి మొదలుపెట్టారు. 1496 నాటి పుస్తకం మొదటి పేజీలో ఉన్న మాటకి 500 ఏళ్ళ తరవాత ఒక ఆసుపత్రి పచ్చిక మీద, ఒక ఏటి ఒడ్డు మీద రుజువు దొరికింది.

బొటనవేలు డిసెంబరులో లేచింది. కర్ర పట్టుకునేటప్పుడు పైన ఆనేది ఆ వేలే. ఈక మీద దారం చుట్టేటప్పుడు అదిమిపట్టేదీ అదే. ఆ చలికాలం నేను 31 క్విల్ గార్డన్లు కట్టాను. మొదటి పదీ విప్పేశాను.

ఏప్రిల్‌లో నెవర్‌సింక్ ఆనకట్ట మీద నిలబడ్డాను. న్యూయార్క్ నగరానికి తాగునీటి కోసం 1941లో మొదలుపెట్టి 1953 నాటికి కట్టిన జలాశయం అది. నెవర్‌సింక్, బిట్టర్‌స్వీట్ అనే రెండు ఊళ్ళు దాని అడుగున ఉన్నాయి. గార్డన్ చలికాలాలు గడిపిన చోటు కూడా ఆ నీళ్ళ కిందే ఉందంటారు. ఊళ్ళు మునగడం మన గోదావరి మనిషికి కొత్త మాట కాదు. ఆ నీటిని చూస్తూ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆనకట్ట దిగువన మాత్రం, జలాశయం అడుగు నుంచి వదిలిన చల్లటి నీళ్ళతో, ఏరు ఇంకా పారుతోంది. అందులో ట్రౌట్లు ఉన్నాయి.

మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి, చివరి ఇరవై ఒక్క ఫ్లైల్లోంచి ఒకదాన్ని కట్టుకున్నాను. నా పట్టు ఇదివరకటిది కాదు. వేలు పూర్తిగా చాచుకోదు. ఎక్కువసేపు పైపెట్ పడితే వణుకుతుంది. ఇప్పుడు నేను వేరే పని చేస్తున్నాను, ల్యాబులో కొత్తవాళ్ళకి నేర్పే పని. అవతలి ఒడ్డున, రాయి వెనక, నీళ్ళ మీద చిన్న సుడి కనిపించింది. దారం వెనక్కి విసిరాను. ఈసారి తల తిప్పి చూడలేదు. అరచేతిలో లాగుడు తెలిసింది. ముందుకి తోశాను.

ఆ ట్రౌట్ వచ్చి, చూసి, వెళ్ళిపోయింది. మళ్ళీ విసిరాను. ఎండ కొండ మీదికి ఎక్కాక గానీ నాకు ఒక సంగతి తట్టలేదు. ఏడాది పైగా, అన్నం తింటున్నా, టీవీ చూస్తున్నా, నిద్రలోంచి లేచినా, మొదట నా చూపు వెళ్ళింది ఆ చేతి మీదికే. ఆ పూట గంటకి పైగా దాన్ని చూడలేదు. చూపు నీళ్ళ మీద ఉంది. వేళ్ళు తమ పని తాము చేసుకుపోతున్నాయి.